నీళ్ళు తాగని సున్నం

పోయిన వారం నేను కథ ఆపింది ఎలాదియో కిరోగా అరుపు దగ్గర.

అది పంతొమ్మిది వందల ముప్పై నాలుగో సంవత్సరం, నవంబరు ఆఖరి ఆదివారం. మా ఊరు సాన్ ఎవారిస్తోలో సున్నపు బట్టీలవాళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బు, ఊరంతా కలేరా అని పిలిచేది, జీతాలిచ్చి ఆటగాళ్ళను పెట్టుకున్న మొదటి ఏడాది. ఆ రోజు పుయెంతె నెగ్రో రైల్వే జట్టు మీద గెలిస్తే మరుసటి ఏడాది కూడా లీగులో ఉంటాం. లేకపోతే క్లబ్బు మూసేస్తానని బట్టీల యజమాని దొన్ ఫౌస్తీనో ముందే చెప్పాడు. మేం ఒక గోలు ముందున్నాం. ఇంకో ఇరవై నిమిషాల ఆట ఉంది. విరామంలో మొదలైన వాన పడుతూనే ఉంది. రొసారియో నుంచి జీతానికి తెచ్చుకున్న మా గోల్‌కీపర్ కిరోగా, గోలు ముందరి బురదలోకి బోర్లా దూకి బంతిని పొట్ట కింద అదిమిపెట్టాడు. లేచాడు. బంతిని వదిలేశాడు. రెండు చేతులతో కళ్ళు మూసుకుని అరిచాడు.

అతని దగ్గరికి ముందుగా పరిగెత్తింది మావాళ్ళు కాదు. పుయెంతె నెగ్రో ఆటగాళ్ళకు కాళ్ళు పట్టే, సొయిలో అనే ముసలాయన ఆ గోలు వెనకే నిలబడి ఉన్నాడు. భుజాన సంచి, చేతిలో బకెట్టు. ఎదుటి జట్టువాడని చూడకుండా వెళ్ళి, కిరోగా చేతులు పక్కకు తీసి, తడి స్పంజిని అతని కళ్ళ మీద పిండాడు.

కిరోగా అరుపు రెట్టింపయింది.

కంచె అవతల నిలబడ్డవాళ్ళు చూసింది ఇంతే. పరాయి ఊరివాడు ఏదో పిండాడు, మనవాడు గిలగిలా కొట్టుకున్నాడు. ఏ అరుపు ముందు, ఏ అరుపు తర్వాత అని ఎవరూ ఆలోచించలేదు. మాంసం కొట్టు కాలిస్తో బరాగాన్ అందరికంటే ముందు తీగ దాటాడు. యాసిడ్ పోశాడని అన్నది అతనే. గట్టిగా కూడా అనలేదు. పక్కవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట గోలు వెనకనుంచి రెండో వైపు గోలు దాకా ఎంతసేపట్లో వెళ్ళిందో నేను చెప్పలేను. నేను సామాన్ల కొట్టం గుమ్మంలో తువ్వాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆటరోజు చొక్కాలూ తువ్వాళ్ళూ చూసుకోవడం నా పని. ఆ మాట నన్ను దాటి వెళ్ళడం మాత్రం విన్నాను.

సొయిలో రెండో దెబ్బకే పడ్డాడు. పడ్డాక కాళ్ళతో తన్నారు. బట్టీలో పనిచేసేవాళ్ళ బూట్లకు ముందువైపు ఇనుప రేకు ఉంటుంది. ఆ రేకు పక్కటెముకకు తగిలితే తడి కట్టె విరిగినట్టు ఉంటుందని ఆ రోజే నాకు తెలిసింది. అతని సంచిలోంచి ఒక సీసా దొర్లింది. దెబ్బలకు రాసే గోధుమరంగు మందు. కాలిస్తో దాన్ని ఎత్తి నలుగురికీ చూపించి, ముసలాయన మొహానికి గురిపెట్టి కొట్టాడు. సొయిలో చెయ్యి అడ్డం పెట్టాడు. సీసా మణికట్టు మీద పగిలింది. మందు మోచేతి దాకా కారింది. అది పడినచోట చర్మం కాలలేదు, బొబ్బ లేవలేదు. కాలిస్తో అది చూడలేదు. చూసేవాడైతే ఆ ఆదివారం అక్కడితో ఆగేది.

పుయెంతె నెగ్రో ఆటగాళ్ళు మూలల్లో పాతిన జెండా కర్రలు పీకి, మైదానం నడిమధ్య వీపులు కలుపుకుని గుండ్రంగా నిలబడ్డారు. వాళ్ళ లారీని పదిహేనుమంది పట్టి ఊపి పక్కకు పడేశారు. డ్రైవరు లోపలే ఉన్నాడు. అతని చెయ్యి తలుపు కింద చిక్కుకుంది, వేళ్ళు మాత్రం బయటికి కనిపించాయి. పోలీసు కమిషనరు ఆకాశంలోకి ఒక తూటా పేల్చాడు. జనం ఒక్కసారి వంగి, మళ్ళీ లేచారు. అతను రెండో తూటా పేల్చకుండా, రిఫరీ మోచెయ్యి పట్టుకుని టిక్కెట్ల గదిలోకి వెళ్ళి లోపల గడియ పెట్టుకున్నాడు.

కిరోగాను కొట్టంలోకి మోసుకొచ్చింది ఇద్దరు. భుజాల దగ్గర కెప్టెను, కాళ్ళ దగ్గర మా అన్న ఓరెస్తె. నిరుటి దాకా కలేరాకు గోలు కాసింది మా అన్నే. పగలు బట్టీలో రాయి పేర్చి, ఆదివారం గోల్లో నిలబడేవాడు. జీతాల జట్టు వచ్చాక ఆ చోటు కిరోగాకు పోయింది. అన్న కంచె అవతల చూసేవాళ్ళలో చేరాడు. దాని గురించి ఇంట్లో ఒక్క మాట అనలేదు. కిరోగా మా ఇంట్లోనే, మా అమ్మ నడిపే భోజనాల ఇంట్లోనే దిగాడు. నాలుగు నెలలుగా ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని సూపు తాగారు.

బల్ల మీద పడుకోబెట్టాక నేను తలుపు వేశాను. అమ్మ అప్పటికే గుర్రబ్బండి కట్టించుకుని కొండ అవతలినుంచి డాక్టర్ని తేవడానికి బయల్దేరింది. బట్టీ ఇళ్ళలో కంట్లో ఏం పడినా ముందు నూనె సీసా అందుకుంటారు. నేనూ అదే అందుకున్నాను. పాత గుడ్డ అంచు నూనెలో ముంచి, అగ్గిపుల్ల మీద కనురెప్ప మడిచి, లోపలున్నది తీయడం మొదలుపెట్టాను. నాన్నకు అమ్మ అలా తీస్తుంటే ఎన్నోసార్లు దీపం పట్టుకున్నాను.

మొదటి గింజ నా వేలి మీదికి వచ్చింది. ఆవగింజంత. తెల్లగా లేదు, పసుపు కలిసిన బూడిద రంగు. అది వేడిగా ఉంది.

నేను దాన్ని గౌనుకు తుడిచి రెండోది తీశాను. అదీ వేడిగానే ఉంది. ఎవరికీ చెప్పలేదు.

కిరోగా ఎడమ కన్ను నల్లగుడ్డు ఎక్కడుందో తెలియనంతగా తెల్లబడిపోయింది, ఉడికిన గుడ్డులా. కుడి కన్ను రక్తంలా ఉంది కానీ కిటికీ వైపు తిప్పితే వెలుతురు తెలుస్తోందన్నాడు. పళ్ళు బిగించి మాట్లాడుతున్నాడు.

“బయట ఎవర్ని కొడుతున్నారు?”

ముసలాయన సొయిలోని అని చెప్పాను.

“ఎందుకు? ఆయన రాకముందే మండింది నాకు. పడగానే మండింది.”

ఆ మాట బయటికి వెళ్ళి చెప్పమని అన్న వైపు చూశాను. అన్న గోడకు ఆనుకుని నిలబడ్డాడు, కదల్లేదు. కెప్టెను వెళ్ళాడు. కొంతసేపటికి చెవి చిట్లి, మెడ మీదికి రక్తం కారుతూ తిరిగివచ్చాడు. ఎవరూ వినడం లేదని, తననే ఎవడో కర్రతో కొట్టాడని, ఆ కొట్టినవాడు తనతో పాటు బడిలో చదువుకున్నవాడని చెప్పి కింద కూర్చున్నాడు.

అప్పుడు దొన్ ఫౌస్తీనో లోపలికి వచ్చాడు. టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. మిగిలిన ఇరవై నిమిషాల ఆట ఆడకపోతే గెలుపు పుయెంతె నెగ్రోకు రాసిస్తారని, రిఫరీని బయటికి రప్పించే పని తనదని చెప్పాడు. తర్వాత బల్ల మీదికి వంగి కిరోగాను చూశాడు.

“ఒక కన్నుతో ఇరవై నిమిషాలు నిలబడలేవా?”

దొన్ ఫౌస్తీనో జవాబు కోసం ఆగలేదు. గోడ దగ్గరున్న మా అన్న వైపు తిరిగి, “ఓరెస్తె, ఆ స్వెటరు విప్పి నువ్వు తొడుక్కో” అన్నాడు. తలుపు తీసుకుని వాన్లోకి వెళ్ళిపోయాడు.

అన్నా నేనూ కలిసి కిరోగా ఒంటిమీద స్వెటరు విప్పాం. తల దగ్గరికి వచ్చేసరికి ఉన్ని మొహానికి తగలకుండా నేను కత్తెరతో మెడ కత్తిరించాను. అన్న దాన్ని తొడుక్కున్నాడు. తొడుక్కున్నవాడు, ఎన్నో ఏళ్ళుగా చేసిన పనే గనక, ఆలోచించకుండా, కిటికీ గట్టు మీదున్న రేకు డబ్బా అందుకుని మూత తీశాడు. లోపల గొడ్డు కొవ్వు. రెండు వేళ్ళతో తీసి నుదుటికి రాసుకున్నాడు. కనుబొమలకు, రెప్పలకు, చెంపలకు, మెడకు. మోచేతులు కూడా తడిమాడు.

“ఏంటా వాసన?” అన్నాడు కిరోగా.

అన్న చేతులు అక్కడే ఆగిపోయాయి. మొహం దీపం వెలుగులో నిగనిగలాడింది.

“కొవ్వు వాసన. ఎవరు రాసుకుంటున్నారు? ఎందుకు?”

నేను చెప్పాల్సింది ఇక్కడ కొంత ఉంది. మా ఊళ్ళో మైదానం పల్లంలో ఉంటుంది. వాన పడిన వారంలో గోలు ముందు గొయ్యి అవుతుంది. బట్టీల్లో బండ్లు దిగబడిన చోట నేల ఆరడానికి కాల్చిన సున్నపురాయి పొడి చల్లుతారు. అది బురదలో నీళ్ళన్నీ తాగి, ఉడికి, చల్లారి, నేలను గట్టి చేస్తుంది. మైదానం గీతలు గీసేది మా నాన్న సెవెరీనో. ముప్పై ఏళ్ళు బట్టీలో పనిచేసిన మనిషి. తడి వారాల్లో ఆయన శనివారం మధ్యాహ్నమే గోలు ముందు ఆ పొడి చల్లి, మీద ఇసుక పరుస్తాడు. ఆదివారానికి చల్లారిపోతుంది. అయినా గోలు కాసేవాడు కొవ్వు రాసుకోవాలి, పడితే మొహం పైకెత్తి పడాలి. కలేరాలో ఇది రాసిపెట్టిన నియమం కాదు. దిగిపోయే గోల్‌కీపరు వచ్చేవాడికి చెప్పి, కొవ్వు డబ్బా చేతిలో పెడతాడు. మా అన్నకు అతని ముందు గోలు కాసిన త్రంకీలో అనే ఆయన చెప్పాడు. త్రంకీలోకు అంతకు ముందువాడు చెప్పాడు.

శుక్రవారం పెద్ద వాన. శనివారం నాన్న చల్లాడు. భోజనాల దగ్గర అన్నను అడిగాడు, అతనికి చెప్పావు కదా అని. అన్న తలూపాడు. ఆ తలూపడం నేను చూశాను. నాన్న రొట్టె విరుచుకుంటూ చూడలేదు. అయితే తలూపిన శబ్దం ఎలాగూ ఉండదు కాబట్టి నాన్న మళ్ళీ అడిగాడు. “ఆ, చెప్పాను” అన్నాడు అన్న.

కొట్టంలో అన్న మొహం మీది కొవ్వు చూసి, “అన్నా, నువ్వు చెప్పలేదు” అన్నాను.

నేను చిన్నగానే అన్నాను. కెప్టెను తలెత్తాడు.

అన్న డబ్బా మూత పెట్టడానికి చూస్తున్నాడు. వేళ్ళు జారి మూత పడటంలేదు. “వాడు అడగలేదు” అన్నాడు.

“ఏం అడగాలి?” అన్నాను.

“నాలుగు నెలలు నా ఎదురుగా కూర్చుని తిన్నాడు. ఇక్కడ నేల ఎలా ఉంటుంది, వాన పడితే ఏం చేస్తారు, ఒక్క మాట అడగలేదు. పదేళ్ళు నేను నిలబడ్డ చోటు అది. అడిగితే చెప్పేవాణ్ణి. అడుగుతాడనే చూశాను.” మూత పెట్టకుండానే డబ్బా గట్టు మీద పెట్టాడు. “కాస్త మండుతుందనుకున్నాను. ఒక ఆటకు పనికిరాడనుకున్నాను. ఇంత అవుతుందని అనుకోలేదు, ఎర్సీలియా.”

కిరోగా బల్ల మీద కదలకుండా అంతా విన్నాడు.

ఇంత ఎందుకయిందో నా వేలికి తెలిసింది. ఆ గింజ రంగు మామూలు సున్నానిది కాదు. ఆ వారం రెండో బట్టీలో మంట అదుపు తప్పి రాయి ఎక్కువ కాలింది. ఎక్కువ కాలిన రాయి వెంటనే నీళ్ళు తాగదు. బయటికి చల్లారినట్టు ఉండి, లోపల ఒక రోజో రెండు రోజులో ఆగి, తర్వాత తడి తగిలితే ఉడికి లేస్తుంది. స్పంజి నీళ్ళకు మంట రెట్టింపయింది అందుకే. అందరికంటే అది బాగా తెలిసినవాడు మా నాన్న. చీకట్లో కాదు, పట్టపగలు, చేతికి దొరికిన బస్తా విప్పి చల్లాడు. ముప్పై ఏళ్ళ నమ్మకంతో బస్తా వైపు చూడలేదు.

అప్పుడు బయట గోల తగ్గింది.

ఒక్కసారిగా కాదు. ఒక పక్కనుంచి తగ్గుతూ వచ్చింది. కిటికీ తుడిచి చూశాను. గోలు ముందు త్రంకీలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. ముసలి బట్టీ కార్మికుడు. బురదలోంచి చిటికెడు తీసి అరచేతిలో వేసుకుని, ఉమ్మి, రెండో చేత్తో మూశాడు. కొంచెంసేపు అలా ఉంచి, పక్కవాడి చేతిలో పోశాడు. అతను ఇంకొకడికిచ్చాడు. అరచేతినుంచి అరచేతికి వెళ్తోంది. వేడి తగిలినవాడల్లా కొట్టడం ఆపి, తన చేతి వైపు చూసుకుంటున్నాడు. బట్టీలవాళ్ళు ముందు ఆగారు. ఆగక ఇంకా కొడుతున్నవాళ్ళు కసాయివాళ్ళు, బండ్లవాళ్ళు, కొట్లవాళ్ళు. వాళ్ళకు సున్నం సంగతి తెలియదు.

సొయిలో అప్పటికి కదలడంలేదు. అతని తల కింద నీళ్ళు గులాబి రంగులో ఉన్నాయి.

త్రంకీలో కాలిస్తో దగ్గరికి వెళ్ళి చెయ్యి చూపించాడు. ఏం చెప్పాడో నాకు వినపడలేదు. కాలిస్తో పిడికిళ్ళు రెండూ తోలు లేచి ఉన్నాయి. ముంజేతుల దాకా రక్తం, అందులో సగం అతనిది కాదు. అతను సొయిలో వైపు చూశాడు, త్రంకీలో చేతి వైపు చూశాడు. తప్పు మనిషిని కొట్టానని తెలిసినవాడు సిగ్గుపడి ఇంటికి పోతాడని అప్పటిదాకా నేననుకునేదాన్ని. కాలిస్తోకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది.

“అయితే మనవాడే” అన్నాడు. అది అందరికీ వినపడింది. “ఏ గ్రింగోగాడు గీశాడు ఈ గీతలు?” వలస వచ్చినవాళ్ళను ఊళ్ళో అలాగే తిట్టేవాళ్ళు.

నాన్న జనం వెనక ఉన్నాడు. ఆయన్ను ఎవరూ చూపించక్కర్లేకపోయింది. చేతిలో టోపీతో జనాన్ని తప్పించుకుంటూ ముందుకు వచ్చాడు, చర్చిలో ముందు వరసకు వెళ్ళినట్టు.

“నేనే చల్లాను” అన్నాడు. “బస్తా చూసుకోలేదు. తప్పు నాదే.”

కాలిస్తో కొట్టిన మొదటి దెబ్బకు నాన్న నోట్లోంచి పై పళ్ళు రెండు ఊడి చొక్కా మీద పడ్డాయి. ఆయన వాటిని ఏరుకోబోయాడు. రెండో దెబ్బ చెవి మీద. బట్టీలవాళ్ళు కొందరు అడ్డం వచ్చారు. కసాయివాళ్ళు వాళ్ళ మీద పడ్డారు. ఇప్పుడు ఊరివాళ్ళే ఊరివాళ్ళను కొడుతున్నారు. మధ్యలో వీపులు కలుపుకుని నిలబడ్డ పుయెంతె నెగ్రో ఆటగాళ్ళు జెండా కర్రలు పట్టుకుని చూస్తున్నారు. ఎవడో బట్టీవాడు పారతో ఒక బండివాడి మోకాలు చితక్కొట్టాడు. త్రంకీలో తల పగిలి గోలు స్తంభానికి ఆనుకుని కూలబడ్డాడు. కాలిస్తో నాన్న చొక్కా మెడ పట్టి మైదానం వెనకవైపు ఈడ్చుకుపోయాడు.

మైదానం వెనక ఏముందో ఊళ్ళో అందరికీ తెలుసు. సున్నం చల్లార్చే గుంట. రెండు నిలువుల లోతు. శనివారం సాయంత్రం కొత్త రాయి దింపారు. వాన నీళ్ళు పోసినట్టే పడుతున్నాయి. గుంట బుసలు కొడుతూ ఉడుకుతోంది. ఆవిరి గట్టు దాటి గడ్డి మీదికి వస్తోంది. నా చిన్నప్పుడు అందులో ఒక గాడిద పడింది. ఎముకలు బయటికి తీయడానికి కూడా ఎవరూ పూనుకోలేదు.

నేను కిటికీ దగ్గరనుంచి వెనక్కి తిరిగేసరికి కొట్టంలో అన్న లేడు. తలుపు తెరిచి ఉంది.

కిరోగా లేచి కూర్చున్నాడు. కళ్ళ మీద నూనె గుడ్డ జారిపోకుండా చేత్తో పట్టుకున్నాడు.

“దొన్ సెవెరీనోని తీసుకెళ్ళారా?”

గుంట దగ్గరికి తీసుకెళ్ళారని చెప్పాను.

“నా మాట వింటారు. పోయినవి నా కళ్ళు కదా. నడిపించు నన్ను.”

అతని చెయ్యి నా భుజం మీద వేసుకుని బయటికి నడిపించాను. అతని పైఒంటి మీద బనీను తప్ప ఏమీ లేదు. మొహమంతా బొబ్బలు. అతన్ని చూసినవాళ్ళు కొట్టుకోవడం ఆపి దారి ఇచ్చారు. మేము వెళ్తున్నకొద్దీ జనం మా వెనక చేరారు. ఎక్కడ పల్లం ఉందో, ఎక్కడ తడి ఉందో నేను చెబుతూ నడిచాను. వేడి ఆవిరి మొహానికి తగిలి అతను ఒకసారి వెనక్కి తగ్గాడు, మళ్ళీ నడిచాడు.

కాలిస్తో గుంట గట్టు మీద ఉన్నాడు. ఎడమ చేతి పిడికిట్లో నాన్న చొక్కా మెడ. నాన్న వీపు గుంట వైపు. మడమలు గట్టు అంచు మీద. గట్టు కింద బట్టీలవాళ్ళు పాతికమంది పారలతో నిలబడి, ముందుకు రాలేక ఆగిపోయారు. ముందుకు ఒక్క అడుగు వేస్తే వదిలేస్తానని కాలిస్తో అన్నాడట. వాళ్ళలో మా అన్న కూడా ఉన్నాడు. గోల్‌కీపరు స్వెటరులో, మెడ కత్తిరించి ఉన్న స్వెటరులో.

కిరోగా మాట్లాడాడు. గొంతు పెద్దది చెయ్యలేదు. సొయిలో తనకు ఏమీ చేయలేదని, తాను కింద పడగానే మండిందని చెప్పాడు. నేల ఆరడానికి సున్నం చల్లడం ఇక్కడి పద్ధతని తనకిప్పుడు తెలిసిందని, తెలిసి ఉంటే జాగ్రత్తపడేవాణ్ణని, అది ముందే తనకు చెప్పాల్సినవాడు ఒకడున్నాడని అన్నాడు.

“చల్లినవాడి మీద నాకు పగ లేదు. చెప్పనివాడెవడో నాకు కావాలి.”

“నేనే చెప్పలేదు” అన్నాడు నాన్న. పళ్ళు ఊడిన నోటిలోంచి ఆ మాట సరిగా రాలేదు.

“మీరు కాదు, దొన్ సెవెరీనో. మీరైతే చెప్పేవాళ్ళు.” కిరోగా నా భుజం మీది చెయ్యి బిగించాడు. అంతా కొట్టంలోనే విన్నాడు. అయినా ఆ పేరు తన నోటితో అనలేదు. ఊరికి పరాయివాడు చెబితే ఎవరూ నమ్మరని అతనికి తెలుసు. “ఎర్సీలియా, నువ్వా ఇంటిదానివి. నువ్వు చెప్పు.”

అందరూ నా వైపు చూశారు. ముగ్గురి కంటే ఎక్కువమంది ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. నాన్న తల అడ్డంగా ఊపాడు. ఆయనకు శనివారం రాత్రే అనుమానం వచ్చి ఉంటుందని, రెండుసార్లు అందుకే అడిగి ఉంటాడని నాకప్పుడు తోచింది. అన్న నా వైపు చూడలేదు. నేల చూస్తున్నాడు.

చెయ్యెత్తి చూపించాను.

చూడగలిగినవాళ్ళంతా ఆ వైపు చూశారు. మా అన్న పక్కనున్న బట్టీలవాళ్ళు అతని మొహం మీద కొవ్వు చూశారు. వాన నీళ్ళు దాని మీద నిలవక జారిపోతున్నాయి. వాళ్ళకు ఇంక ఏమీ చెప్పక్కర్లేకపోయింది. ఒక్కొక్కరే అతని పక్కనుంచి జరిగారు. చూస్తుండగా అన్న చుట్టూ నాలుగడుగుల ఖాళీ ఏర్పడింది.

“ఏమైంది?” అన్నాడు కిరోగా. “ఎందుకందరూ ఊరుకున్నారు? పేరు చెప్పు నాకు.”

“ఓరెస్తె” అన్నాను. “మా అన్న.”

కాలిస్తో గట్టు మీదనుంచి మా అన్నను చూశాడు. పుయెంతె నెగ్రో ముసలాయన మీద అతను వేసిన దెబ్బలన్నిటికీ అసలైన మనిషి అప్పుడు దొరికాడు. దిగడానికి అడుగు తీశాడు. ఆ అడుగుతో పాటే పిడికిలి విప్పాడు.

నాన్నను వదిలేయాలని కాదు. నాన్న సంగతి మరిచిపోయాడు, అంతే. అంతసేపూ నాన్న గట్టు మీద తన కాళ్ళ మీదే నిలబడ్డాడనుకున్నాం అందరం. ఆయన్ను నిలబెట్టింది ఆ పిడికిలి.

గట్టు మీద నాన్న లేడు. నేను కిరోగా చెయ్యి విదిలించుకుని పరిగెత్తాను.

“ఏం పడింది?” అని వెనకనుంచి కిరోగా అడుగుతున్నాడు. “ఎవరైనా చెప్పండి. ఏం పడింది?”